జాకెట్టుకున్నపాటి కొలతలు కంటికి వద్దా?

2005లో నాకు మొదటి పెళ్ళిచూపులు కుదిరినప్పుడు మా మేనత్త అమ్మతో అంది: "పిల్లకేం వదినా, బంగారు బొమ్మ. ఆ సోడాబుడ్లొక్కటి తీసేస్తే చాలు." అప్పటికి నా పవర్ రెండు కళ్ళకీ మైనస్ 8. అద్దాలు తీస్తే ఎదురుగా కూర్చున్నది పెళ్ళికొడుకో, పెళ్ళికొడుకు బాబాయో చెప్పలేను. అందుకని నరసరావుపేట నుంచి గుంటూరు తీసుకెళ్ళి కాంటాక్ట్ లెన్సులు కొనిపెట్టారు.

షాపాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "పవర్ ఎంతమ్మా?" కళ్ళద్దాల చీటీ ఇచ్చాం. వెనక అరలోంచి రెండు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఏడాదిపాటు వాడుకునే రకం. ఎలా పెట్టుకోవాలో చూపించడంతో కలిపి పావుగంటలో బయటపడ్డాం.

అదే రోజు, అదే బజారులో, పెళ్ళిచూపుల పట్టుచీర మీదకి జాకెట్టు కుట్టడానికిచ్చాం. టైలరమ్మ టేపు తీసి భుజం, చంక, ఛాతీ, నడుము, చెయ్యి పొడవు, మెడ వెనక లోతు, ఒక్కొక్కటీ కొలిచి రాసుకుంది. ఆది జాకెట్టు కూడా అడిగింది. నాలుగో రోజు తొడిగి చూపిస్తే చంక దగ్గర బిగుతుగా ఉందని కుట్టు విప్పి మళ్ళీ వేసింది. జాకెట్టు గుడ్డ కన్నా కుట్టుకూలే ఎక్కువైంది. అమ్మ కిక్కురుమనలేదు.

కంటి మీద పెట్టుకునేదానికి పావుగంట, ఒక ప్రశ్న. ఒంటి మీద వేసుకునేదానికి నాలుగు రోజులు, పది కొలతలు. ఇది ఎంత తలకిందుల వ్యవహారమో అప్పుడు నాకు తట్టలేదు. తట్టడానికి నా కళ్ళు, మా తమ్ముడి కళ్ళు, ఇప్పుడు మా అమ్మాయి కళ్ళు, మొత్తం మూడు జతలు పట్టాయి. ఈ ఇరవై ఏళ్ళలో నాకు గట్టిపడ్డ అభిప్రాయం ఒక్కటే. లెన్స్ ఎంచుకోవడం పవర్ నంబరుతో మొదలైతే అది తప్పు దారిలో మొదలైనట్టే. ముందు ఆ కన్ను ఏ ఆకారంలో ఉందో, ఎంత తడిగా ఉందో, రోజంతా ఏం పనిలో ఉంటుందో తేలాలి. పవర్ మాట తర్వాత.

నా సంగతే చూడండి. ఆ లెన్సులతో దూరం బ్రహ్మాండంగా కనిపించేది. మైనస్ ఎక్కువ ఉన్న కళ్ళద్దాలు లోకాన్ని కుదించి చూపిస్తాయి, లెన్స్ పెట్టుకోగానే గది పెద్దదైనట్టుంటుంది. పెళ్ళికొడుకు కూడా అనుకున్నదాని కన్నా పెద్దగానే కనిపించాడు (ఆ సంబంధం కుదరలేదు, లెన్సుల తప్పేం లేదు). కానీ పుస్తకం పట్టుకుంటే అరగంటలో కణతలు లాగేసేవి. అలవాటు పడాలి అన్నారు. ఆర్నెల్లు అలవాటు పడ్డాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఆప్టోమెట్రిస్ట్, అంటే చూపు కొలిచి అద్దాలు, లెన్సులు కుదిర్చే చదువు చదివినామె, నా చీటీ, లెన్స్ సీసా పక్కపక్కన పెట్టి చూసి నవ్వింది. కళ్ళద్దం కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. లెన్స్ కంటి మీదే ఉంటుంది. మైనస్ పవర్ కంటికి దగ్గరయ్యే కొద్దీ తక్కువ సరిపోతుంది. చిన్న పవర్లలో ఈ తేడా లెక్కలోకి రాదు గానీ నాలుగు దాటాక వస్తుంది. మైనస్ 5 కళ్ళద్దాల వాళ్ళకి లెన్స్ 4.75 చాలు, మైనస్ 8 వాళ్ళకి 7.25 చాలు. నాకు ఎనిమిదికి ఎనిమిదే ఇచ్చేశారు. అంటే ఆర్నెల్లపాటు నా కళ్ళు ముప్పావు పవర్‌ని అదనంగా మోశాయి. ఇది ఏ పరిశోధనలోనో దాగిన రహస్యం కాదు, ఆ చదువు చదివిన ఎవరికైనా తెలిసిన చిన్న లెక్క. షాపులో ఆ చదువు చదివినవాళ్ళు లేరు, అంతే.

లెన్స్ పెట్టె మీద పవర్ పక్కన ఇంకో రెండు అంకెలుంటాయి, 8.6, 14.2 అన్నట్టుగా. మొదటిది లెన్స్ లోపలి వంపు, రెండోది దాని వెడల్పు మిల్లీమీటర్లలో. మరీ బిగుతుగా కూర్చుంటే కింద కన్నీళ్ళు కదలవు. మరీ వదులైతే రెప్ప కొట్టినప్పుడల్లా జారుతుంది. నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర, కార్నియా, సుమారు అర మిల్లీమీటరు మందం. అందులో రక్తనాళాలు ఉండవు, ఉంటే మనం దాని గుండా చూడలేం. కాబట్టి దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం నేరుగా గాలి నుంచే కన్నీళ్ళలో కరిగి రావాలి. ఆ గాలికీ దానికీ మధ్య మనం ఒక ప్లాస్టిక్ ముక్క అడ్డం పెడుతున్నాం. ఆ ముక్క ఎంత గాలి పోనిస్తుంది, ఎన్ని గంటలు ఉంచుతాం, రెప్పలు మూసి పడుకుంటామా అన్నవి అందుకే పవర్ కన్నా పెద్ద ప్రశ్నలు.

నేను పడుకున్నాను. రాత్రి బస్సులో, హైదరాబాద్ నుంచి నరసరావుపేటకి, లెన్సులతోనే. తెల్లారి బస్టాండులో దిగేసరికి ఎడమ కన్ను చింతనిప్పు. నాన్న చూసి ఎవరన్నా ఏడిపించారా అని అడిగాడు. పది రోజులు చుక్కల మందు, వెలుతురు చూడలేని బాధ. లెన్సులతో నిద్రపోయేవాళ్ళకి కంటి ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ చెబుతుంది. నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ "నువ్వు రాత్రి ప్రయాణాలు చేస్తావా?" అని ఆ రోజు ఎవరన్నా అడిగుంటే, ఏడాది వాడే సీసా లెన్సులు నా చేతిలో పెట్టేవారు కాదు. పొద్దున పెట్టుకుని రాత్రి పారేసే డైలీ లెన్సులో, అసలు ప్రయాణాల్లో కళ్ళద్దాలే పెట్టుకోమన్న సలహానో దొరికేది.

నాది తేలిక కథ. అసలు కథ మా తమ్ముడిది.

వాడికి చిన్నప్పటి నుంచి ఎండాకాలం వస్తే కళ్ళు దురద. మా ఇంటి చుట్టూ దుమ్ము, దానికి తోడు నాన్న మిర్చి వ్యాపారం, ఆయన చొక్కా విదిలిస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. వీడు పిడికిళ్ళతో కళ్ళు నలుపుకునేవాడు. మామూలు నలపడం కాదు, పిండి పిసికినట్టు. విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు సైట్ వచ్చింది. సిలిండర్ పవర్ అన్నారు, అంటే కంటి వంపు అన్ని దిశల్లో ఒకేలా లేకపోతే వచ్చేది. ఆరు నెలలకోసారి అది పెరిగేది, ఒకటిన్నర, మూడు, నాలుగున్నర. ఎన్ని అద్దాలు మార్చినా "సరిగ్గా లేదక్కా" అనేవాడు. ఎంసెట్ టెన్షన్ అన్నారు, కంప్యూటర్ అన్నారు, క్యారెట్ తినడం లేదన్నారు. ఒక వినాయక చవితి రోజు డాబా మీద నిలబడి, "నాకు చంద్రుళ్ళు ముగ్గురు కనిపిస్తున్నార్రా" అని స్నేహితుడితో అంటుంటే విన్నాను. ఆ రోజు ఒక్క చంద్రుణ్ణి చూస్తేనే నీలాపనిందలు, వీడు ముగ్గుర్ని చూశాడని నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఇంజనీరింగ్‌లో ఉండగా ఒక షాపులో వాడికి సిలిండర్ పవర్ ఉన్న మెత్తటి లెన్సులు, టోరిక్ అంటారు, అమ్మారు. సిలిండర్ పవర్‌కి ఒక దిశ ఉంటుంది కాబట్టి లెన్స్ కంట్లో గుండ్రంగా తిరిగిపోకూడదు. అందుకే టోరిక్ లెన్సుల్లో చాలావాటికి కింది వైపు కాస్త మందం పెడతారు, అడుగున బరువున్న బొమ్మ నిటారుగా నిలబడ్డట్టు నిలుస్తుంది. మామూలు సిలిండర్ ఉన్న లక్షలమందికి అది చక్కగా పనిచేస్తుంది. వీడికి ఏమీ తేడా రాలేదు. రాదు కూడా. ఎందుకో తెలియడానికి 2008 దాకా ఆగాల్సొచ్చింది.

ఆ ఏడాది లేజర్ చేయించుకుని అద్దాల పీడ వదిలించుకుందామని హైదరాబాద్ వచ్చాడు. లేజర్‌కి ముందు కార్నియా ఎత్తుపల్లాల పటం తీస్తారు, టోపోగ్రఫీ. మన జిల్లా పటంలో కొండల్ని గోధుమ రంగులో, పల్లాల్ని ఆకుపచ్చలో వేసినట్టు ఉంటుంది. వీడి పటంలో రెండు కళ్ళలోనూ కింది భాగంలో ఎర్రటి ఉబ్బు. డాక్టరు గారు దాని మీద వేలు పెట్టి చెప్పారు, కెరటోకోనస్ అని. కార్నియా పలచబడి, గుండ్రంగా ఉండాల్సింది శంకువులా ముందుకి పొడుచుకొస్తుంది. ఎక్కువగా పదుల వయసులో మొదలవుతుంది. అలర్జీతో కళ్ళు విపరీతంగా నలుపుకునే పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది. ఇలాంటి కంటికి లేజర్ చేస్తే అసలే పలచనైన పొరని ఇంకా పలచన చేసినట్టు. ఆ పటం తీయకుండా చేసుంటే? ఆ ఆలోచన నేను పూర్తి చేయను.

ఇప్పుడు మెత్తటి లెన్స్ ఎందుకు పనిచేయలేదో చెబుతాను. గతుకుల రోడ్డు మీద తడి దుప్పటి పరిచారనుకోండి. దుప్పటి మీద కూడా అవే గతుకులు. మెత్తటి లెన్స్ కంటి ఆకారాన్ని తనే తొడుక్కుంటుంది. అదే రోడ్డు మీద ఒక గాజు పలక పెట్టి, కింద సందులన్నీ నీళ్ళతో నింపితే పైన నున్నగా ఉంటుంది. గట్టి లెన్స్ చేసేది అదే. దాని వెనక చేరిన కన్నీళ్ళు గతుకుల్ని పూడుస్తాయి. కన్నీళ్ళు, కార్నియా కాంతిని వంచే తీరు దగ్గరదగ్గరగా ఉంటుంది కాబట్టి కంటికి ఆ ఎత్తుపల్లాలు దాదాపు మాయమైపోతాయి. ఇక వెలుగు లెన్స్ ముందువైపు నున్నటి వంపునే చూస్తుంది.

గట్టి లెన్స్ అనగానే అమ్మ ముఖం మాడ్చింది. "ఈ కాలంలో కూడా గట్టివేంట్రా, మెత్తవి వచ్చాయిగా." అమ్మ ఒక్కతే కాదు, నాకు తెలిసిన అందరి మనసులోనూ ఇదే. మెత్తవి కొత్తవి, మంచివి. గట్టివి పాతవి, నొప్పివి. ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దాని మీద నాకు జాలే కలిగింది. 1880ల చివర్లో మొదటి లెన్సులు గాజువి, తెల్లగుడ్డు కూడా కప్పేంత పెద్దవి. 1948లో కెవిన్ టూహీ అనే అమెరికన్ కార్నియా మీద మాత్రమే కూర్చునే చిన్న ప్లాస్టిక్ లెన్స్ చేశాడు. ఆ ప్లాస్టిక్ గుండా గాలి అసలు పోదు, కళ్ళు ఎర్రబడేవి. 1961 క్రిస్మస్‌కి ప్రాగ్‌లో ఒట్టో విఖ్తెర్లే అనే రసాయన శాస్త్రవేత్త తన ఇంట్లో పిల్లల బొమ్మల మెకానో లాంటి సెట్టు, సైకిల్ డైనమో పెట్టి తిప్పి మెత్తటి లెన్సులు తయారుచేశాడు. పదేళ్ళకి, 1971లో, అమెరికాలో వాటికి అనుమతి దొరికింది. ఇక లోకమంతా మెత్తదనం వైపు పరిగెత్తింది. ఈలోగా గట్టి లెన్సులు కూడా మారిపోయాయి. 1970ల చివరి నుంచి గాలి పోనిచ్చే పదార్థాలతో చేస్తున్నారు. తాతల నాటి ప్లాస్టిక్ చేసిన పాపానికి మనవళ్ళు ఇంకా మాట పడుతున్నారన్నమాట.

గట్టి లెన్సులు హాయిగా ఉంటాయని మాత్రం చెప్పను. మొదటి రెండు మూడు వారాలు రెప్పకి లెన్స్ అంచు తగులుతూనే ఉంటుంది, కంట్లో వెంట్రుక పడ్డట్టు. బైకు మీద కూకట్‌పల్లిలో వెళ్తుంటే ఒక్క నలుసు లెన్స్ కిందకి దూరిందంటే చాలు, మా వాడు బండి పక్కకి ఆపి ఏడుస్తూ నిలబడేవాడు. ఒకసారి ట్రాఫిక్ పోలీసాయన వచ్చి "ఏమైంది తమ్మీ, ఇంట్ల ఏమన్నా అయిందా?" అని భుజం తట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. అదీగాక పెళ్ళింట్లో లెన్స్ జారి కింద పడితే ఇరవైమంది చుట్టాలు మోకాళ్ళ మీద పాకుతూ వెతికిన ఘట్టం మా వంశ చరిత్రలో ఉంది. దొరికింది, అక్షింతల పళ్ళెంలో.

కానీ ఆ మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను. ఆప్టోమెట్రిస్ట్ ఒక ట్రయల్ లెన్స్ పెట్టి అరగంట కూర్చోబెట్టింది. కళ్ళలో నారింజ రంగు మందు వేసి నీలం దీపం కింద చూస్తే లెన్స్ వెనక కన్నీరు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎక్కడ మెరిస్తే అక్కడ ఖాళీ ఉన్నట్టు, ఎక్కడ నల్లగా ఉంటే అక్కడ లెన్స్ కంటిని తాకుతున్నట్టు. శంకువు కొన మీద గట్టిగా రుద్దుకోకూడదట, అలాగని గాలి బుడగలు చేరేంత ఎత్తుగానూ ఉండకూడదట. తీసింది, ఇంకోటి పెట్టింది. మళ్ళీ అరగంట. ఒక్కో కంటికి నాలుగు లెన్సులు మార్చింది. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రమైంది. చివరి లెన్స్ పెట్టాక పవర్ సరిచూసి, హాల్లోకి వెళ్ళి తిరిగి రమ్మంది. వాడు తలుపు దగ్గర ఆగిపోయాడు. హాలు అవతలి కొసన గోడ మీద చిన్న బోర్డు ఉంది. దాన్ని ఒకటో తరగతి పిల్లాడిలా పైకి చదివాడు: "మంచినీళ్ళు వృథా చేయరాదు." ఇంకోసారి చదివాడు. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, నీ ముక్కు మీద ఇంత పెద్ద మచ్చ ఎప్పుడు వచ్చింది?" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఉంది వెధవా అన్నాను.

ఆ తర్వాత రెండు కళ్ళకీ క్రాస్ లింకింగ్ చేశారు. విటమిన్ బి2 చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెట్టి కార్నియాని గట్టిపరుస్తారు. చాలామంది అది అయిపోతే చూపు వచ్చేస్తుంది అనుకుంటారు. రాదు. జబ్బు ముదరకుండా ఆపడమే దాని పని, చూపు తెచ్చేది లెన్సే. మా ఇంట్లో కూడా ఈ గందరగోళం ఉంది. మా అత్తగారైతే శుక్లాల ఆపరేషన్‌లో లోపల వేసిన లెన్స్‌నీ దీన్నీ ఒకటే అనుకుని, "నాకూ లెన్సే వేశారు గదమ్మా, నేను రోజూ తియ్యట్లేదే" అని ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు మా వాడి కుడి కంటికి ఇంకా పెద్ద గట్టి లెన్స్, స్క్లెరల్ లెన్స్. అది కార్నియాని తాకకుండా గొడుగులా పైన నిలబడి, అంచులు తెల్లగుడ్డు మీద ఆనుకుంటుంది. మధ్య ఖాళీలో సెలైన్ నింపి పెట్టుకోవాలి. పొద్దున్నే టేబుల్ మీద అద్దం పడుకోబెట్టి, ముఖం పూర్తిగా కిందకి వంచి, నీటి బొట్టు ఒలక్కుండా, బుడగ రాకుండా కంటికి తగిలిస్తాడు. తీయడానికి వేలెడంత కూడా లేని రబ్బరు ప్లంజర్. చూడ్డానికి పెద్దది గానీ చిన్న గట్టి లెన్స్ కన్నా ఇదే హాయి అంటాడు, తెల్లగుడ్డుకి అంత సున్నితత్వం లేదు గనక. దుమ్ము కూడా తేలిగ్గా దూరదు. ఆసుపత్రి హాల్లో వాడికి పరిచయమైన ఒకాయన ఏవో మాత్రలు పడక స్టీవెన్స్ జాన్సన్ జబ్బు వచ్చి కన్నీళ్ళే ఎండిపోయినవాడు. ఆయనకి ఈ లెన్స్ చూపు కోసం కాదు, కంటి ముందు నిండుకుండలా నీళ్ళు నిలబెట్టడం కోసం. ఒకే రకం లెన్స్, ఇద్దరికీ రెండు వేర్వేరు కారణాలు. పవర్ చీటీలో వీటిలో ఏ కారణానికీ చోటు లేదు.

ఇక్కడ నా అసలు గొడవ. కళ్ళద్దాల షాపుల్లో గట్టి లెన్స్ పేరే ఎందుకు వినపడదు? నా లెక్క ప్రకారం కారణం వైద్యం కాదు, వ్యాపారం. మెత్తటివి పెట్టెల్లో వస్తాయి, నెలనెలా మళ్ళీ కొంటాం, అమ్మడానికి చదువక్కర్లేదు. గట్టివి ఒక్కో కంటికి చేయించాలి, పూట పడుతుంది, ఒకసారి కుదిరితే ఏళ్ళు వస్తాయి. అలాంటి సరుకుకి సినిమా తారలతో ప్రకటన ఎవరు చేయిస్తారు? అలాగని తప్పంతా షాపుల మీద తోసేస్తే అబద్ధమవుతుంది. తప్పు మనది కూడా. లెన్స్ ధర అడుగుతాం, కొలత తీసినందుకు ఫీజు అంటే మాత్రం "చూసినందుకే ఇంతా?" అంటాం. మా తమ్ముడికి రోజంతా కూర్చుని లెన్స్ కుదిర్చిన అమ్మాయితో మా నాన్నే బేరమాడాడు. మగ్గం వర్క్ జాకెట్టుకి వేలు పోసేవాళ్ళం, అక్కడ నోరెత్తం.

తెలుగువాళ్ళకి ఇది దూరపు విద్యేం కాదు. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పరిశోధన కేంద్రానికి బ్రయన్ హోల్డెన్ పేరు ఉంటుంది. గాలి బాగా పోనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ మెత్తటి లెన్సులు 1990ల చివర్లో రావడానికి పనిచేసినవాళ్ళలో ముఖ్యుడు ఆ ఆస్ట్రేలియా శాస్త్రవేత్త. విద్య బంజారాహిల్స్ దాకా వచ్చింది. మా బజారు దాకా రావడమే ఆలస్యం.

నీళ్ళ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏ లెన్స్ అయినా, మెత్తదైనా గట్టిదైనా, కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ఆఖరికి ఫిల్టర్ నీళ్ళు కూడా తగలనివ్వకూడదు. నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్‌తో పాటు కంట్లో చేరితే వచ్చే పుండు నెలల తరబడి మానదు, చూపే పోవచ్చు. స్నానానికీ ఈతకీ లెన్సులు తీసేయాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, లెన్సుల వాళ్ళు ఆ రోజుకి కళ్ళద్దాలు పట్టుకెళ్ళండి, పుణ్యం తగ్గదు. డబ్బాలో నిన్నటి ద్రావణం మీదే ఇవాళ కాస్త పోసుకోవడం కూడా అంతే, నిన్నటి సాంబారులో నీళ్ళు కలపడం లాంటిది. ఇక ఆవకాయ రోజుల్లో లెన్సుల జోలికే పోవద్దు. మూడుసార్లు సబ్బుతో కడుక్కున్న చేతులే, అయినా గుంటూరు కారం ఏమిటో ఆ మే నెలలో నాకు తెలిసింది. మెత్తటి లెన్స్ కారాన్ని స్పంజిలా పీల్చుకుంటుంది, ఇక కడిగినా లాభం లేదు, పారేయడమే.

పెళ్ళి మేకప్ వాళ్ళ దగ్గర దొరికే రంగు లెన్సుల గురించి ఒక్క ముక్క: ఒక పెళ్ళికూతురు కంట్లోంచి తీసినది ఇంకో పెళ్ళికూతురుకి పెట్టడం నేను కళ్ళారా చూశాను. పవర్ లేకపోయినా అది లెన్సే. పక్కవాళ్ళ టూత్‌బ్రష్ వాడతారా?

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. మైనస్ రెండున్నర. నా పోలికే వచ్చింది, ఏటా పెరుగుతోంది. నా భయమంతా అద్దాల మందం గురించి కాదు, పెద్ద మైనస్ ఉన్న కళ్ళకి పెద్దయ్యాక రెటీనా జబ్బుల ముప్పు ఎక్కువ. పిల్లల్లో సైట్ పెరగడాన్ని నెమ్మదింపజేసే డైలీ లెన్సులు వచ్చాయి. 8 నుంచి 12 ఏళ్ళ మధ్య మొదలుపెట్టే పిల్లల కోసం అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2019లో ఒకదాన్ని ఒప్పుకుంది. మూడేళ్ళ పరీక్షలో మామూలు లెన్సులతో పోలిస్తే పెరుగుదల 59 శాతం తగ్గింది. రాత్రి పడుకునేటప్పుడు గట్టి లెన్స్ పెట్టుకుని పొద్దున తీసేసే పద్ధతి కూడా ఉంది, ఆర్థో కె అంటారు. రాత్రంతా కార్నియాని కాస్త చదును చేస్తుంది, పగలు అద్దాలక్కర్లేదు, మానేస్తే మళ్ళీ మామూలే. బస్సులో ఒక్క రాత్రికే అనుభవించిన నాకు, రోజూ రాత్రి పిల్ల కంట్లో లెన్స్ అంటే గుండె ఒప్పుకోలేదు. ఇది తర్కం కాదని ఒప్పుకుంటాను. శుభ్రత పాటించే ఇళ్ళలో, సరైన పర్యవేక్షణలో ఎంతోమంది పిల్లలు వాడుతున్నారు.

పిల్లకి పగటి లెన్సులిద్దామా అంటే ఆప్టోమెట్రిస్ట్ నన్ను కాదు, దాన్నే అడిగింది. "నువ్వు చేతులు కడుక్కోవడం మర్చిపోతావా?" "అప్పుడప్పుడు" అంది నిజాయితీగా. "కూచిపూడికి అద్దాలు అడ్డమా?" "చాలా." అలా తేలింది. రోజూ సైట్ పెరుగుదలని నెమ్మదింపజేసే కళ్ళద్దాలు, రోజూ కాసేపు ఆరుబయట ఆట. కార్యక్రమం ఉన్న రోజు మాత్రం డైలీ లెన్సులు, కాటుకకి ముందే పెట్టుకోవాలి, మేకప్ కడిగే ముందే తీసి పారేయాలి. పూర్తిస్థాయి లెన్సుల సంగతి ఇంకో ఏడాది తర్వాత, చేతులు కడుక్కోవడం గుర్తుండటాన్ని బట్టి.

ఇక నాకు నలభై నాలుగు. చత్వారం వచ్చింది. విచిత్రమేమిటంటే అది ముందు లెన్సులు పెట్టుకున్న రోజుల్లోనే బయటపడింది. మైనస్ కళ్ళద్దాలతో దగ్గరి వస్తువు చూడటానికి కంటికి శ్రమ కాస్త తక్కువ, లెన్స్‌తో ఆ రాయితీ ఉండదు. ఫోన్‌ని దూరంగా పట్టుకుంటే మా ఆయన నవ్వుతాడు, ఆయన అప్పటికే మోచెయ్యి పూర్తిగా చాపేశాడు గనక నవ్వే హక్కు లేదు. దీనికి దారులు రెండు మూడున్నాయి. ఒక కంటికి దూరానికీ ఇంకో కంటికి దగ్గరకీ పవర్ ఇస్తారు. మూడు రోజులు వాడాను, మెట్లు దిగుతుంటే భయమేసింది. మల్టీఫోకల్ లెన్స్‌లో చాలావాటికి వలయాలుగా దూరం, దగ్గర పవర్లు రెండూ ఉంటాయి, ఏది కావాలో మెదడు ఏరుకుంటుంది. లేదంటే దూరానికి మామూలు లెన్స్, పైన చదువుకునే అద్దాలు. ఎవరికేది కుదురుతుందో పెట్టి చూస్తే గానీ తెలియదు. అసలు ఏదీ వద్దు, కళ్ళద్దాలే ఉంచుకోండి అనడం కూడా మంచి ఫిట్టింగే. మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళకి, రెప్పల అంచులు ఎప్పుడూ వాచి పుసులు కట్టేవాళ్ళకి నేనైతే అదే చెబుతాను.

నేను ఏసీ గదిలో రోజుకి తొమ్మిది గంటలు స్క్రీన్ చూస్తాను. స్క్రీన్ ముందు రెప్ప కొట్టడం సగానికి పైగా తగ్గిపోతుంది, లెన్స్ ఎండి అతుక్కుంటుంది. అందుకని ఆఫీసుకి కళ్ళద్దాలే. లెన్సులు శని, ఆదివారాలకీ పెళ్ళిళ్ళకీ. ఇరవై ఏళ్ళ క్రితం సోడాబుడ్లు తీసేయమన్న మేనత్త ఈ మధ్య చూసి, "అద్దాలతోనే కళగా ఉన్నావే" అంది.

పోయిన వారం మల్టీఫోకల్ ట్రయల్ ఇచ్చారు. పగలు బాగుంది, మెనూ కార్డు చదివాను. రాత్రి ఔటర్ మీద కారు నడుపుతుంటే ఎదుటి లైట్ల చుట్టూ వెలుగు చెదిరినట్టుంది. అదే చెప్పాను. "అయితే ఇంకో డిజైన్ చూద్దాం మేడం, శనివారం రండి" అంది ఆప్టోమెట్రిస్ట్. శనివారమే టైలరు దగ్గర కూడా ట్రయల్ ఉంది. చంక దగ్గర ఈసారి కూడా బిగుతేనని నా అనుమానం.